ఇంట్లో చేసిన కూల్‌డ్రింక్‌కైనా చెంచాల లెక్క తప్పదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దిల్‌సుఖ్‌నగర్. మా బాబుకు 13 ఏళ్లు. ఎండాకాలం వస్తే అన్నం లేకున్నా ఉంటాడు గానీ కూల్‌డ్రింక్ లేకుంటే ఉండడు. రోజుకు రెండు గ్లాసులు తాగాల్సిందే. ఫ్రిజ్‌లో రెండు లీటర్ల బాటిల్ ఎప్పుడూ ఉంటుంది. మా ఆయనకు 43. ఈ మధ్య పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. అప్పటి నుంచి ఆయన కూల్‌డ్రింక్ మానేసి, ఆఫీసు నుంచి వస్తూ బత్తాయి జ్యూస్ తాగుతున్నారు. అత్తమ్మకు 68, బీపీకి మందులు వాడుతున్నారు. బయటివి ఆపేసి చల్లటివన్నీ ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. చక్కెర బదులు బెల్లం, తేనె వేస్తే సరిపోతుందా? షుగర్ ఫ్రీ మాత్రలు వాడొచ్చా? బాబుకేమో గ్యాస్ ఉంటేనే నచ్చుతుంది. ఇంకో సంగతి, ఈ మధ్య వాడి మెడ వెనక నల్లబడింది. పీచుతో ఎంత రుద్దినా పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

డాక్టర్ సలహా: అమ్మా, మీరు చివర్లో రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది అదే. పిల్లల మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, కాస్త మందంగా, మఖమల్ గుడ్డలా మారితే చాలామంది తల్లులు మురికి అనుకుంటారు. ఎక్కువగా అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం ఇచ్చే కబురు. బరువు పెరిగిన పిల్లల్లో, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్న పిల్లల్లో మేము తరచుగా చూస్తుంటాం. చూడకుండా మీ బాబుకు అదేనని నేను చెప్పలేను. కానీ వాళ్ల నాన్నకు బోర్డర్‌లో ఉంది, వాడేమో రోజూ రెండు గ్లాసులు తాగుతున్నాడు. కాబట్టి తేలిగ్గా తీసుకోకండి. ఏ పరీక్షలు చేయించాలో చివర్లో రాస్తాను.

ఇప్పుడు ఆ రెండు గ్లాసుల సంగతి చూద్దాం. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల గ్లాసు అంటే సుమారు 26 గ్రాములు, అంటే టీ చెంచాతో ఐదు చెంచాలు. రెండు గ్లాసులకు పది. మీ ఫ్రిజ్‌లోని రెండు లీటర్ల బాటిల్‌లో నలభై చెంచాలకు పైనే ఉంటుంది. ఈసారి బాటిల్ కొన్నప్పుడు వెనక లేబుల్ మీద 'యాడెడ్ షుగర్స్' అన్న వరుస చదివి, ఆ లెక్కన చక్కెరను ఒక గిన్నెలో పోసి బాబు ముందు పెట్టండి. మా క్లినిక్‌లో నేను చేసే పని ఇదే. గంటసేపు చెప్పినా వినని పిల్లలు ఆ గిన్నెను చూసి కాసేపు ఆగిపోతారు. పైనుంచి వేసుకునే చక్కెర, బెల్లం, తేనె, సిరప్, జ్యూస్‌లోని తీపి అన్నీ కలిపి రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మీ బాబుకు ఒక్క గ్లాసుతోనే ఆ కోటా అయిపోతోంది. టీలో, బిస్కెట్లలో, స్వీట్లలో వెళ్లేది ఇంకా లెక్కలోకే రాలేదు.

అన్నంతో, చపాతీతో కడుపు నిండినట్టు తెలుస్తుంది. గ్లాసులో వచ్చే తీపికి ఆ నిండుదనం ఉండదు. ఎన్ని కేలరీలు తాగినా ఆ పూట భోజనం తగ్గదు. పైగా గబగబా రక్తంలో కలుస్తుంది. ఆ తీపిలోని ఫ్రక్టోజ్ అనే చక్కెర ఎక్కువైతే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి తన దగ్గరే దాచుకుంటుంది. మద్యం వాసన ఎరుగని పిల్లలకు కూడా ఫ్యాటీ లివర్ అని రిపోర్టులు రావడంలో ఈ తీపి పానీయాలకూ వాటా ఉంది.

బెల్లం, తేనె గురించి అడిగారు. మనసు నొప్పించినా నిజమే చెప్పాలి. బెల్లంలో ఉన్నది ప్రధానంగా చక్కెరే. దానిలోని ఖనిజాలు మనం వేసే ఒకటి రెండు చెంచాలకు చాలా కొంచెం. తేనె కూడా అంతే, రక్తంలో చక్కెరను పెంచుతుంది. శ్రీరామనవమికి పానకం తాగండి, మిరియాలు, ఏలకులు వేసి ప్రేమగా చేయండి. పండగకు చేసుకునేదాన్ని రోజూ చేసి, బెల్లమే కదా అని మూడు గ్లాసులు తాగితే ఇబ్బంది. నన్నారి సిరప్, ఇంట్లో కాచిన మామిడి సిరప్, ఖర్జూరం వేసి కొట్టిన షేక్‌లు, వీటన్నిటికీ అదే లెక్క. ఇంట్లో చేస్తే రంగులు, నిల్వ మందులు తప్పుతాయి, శుభ్రత మన చేతిలో ఉంటుంది. తీపి మాత్రం మనం ఎన్ని చెంచాలు వేస్తే అంత.

షుగర్ ఫ్రీ మాత్రలు, డైట్ కోలాలు బరువు తగ్గడానికి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మీ ఆయన ఎప్పుడైనా ఒకసారి డైట్ డ్రింక్ తాగితే నేను కోప్పడను. బాబుకు మాత్రం అలవాటు చేయొద్దు. వాడి నాలుక తీపిని తగ్గించుకోవడం నేర్చుకోవాలి. అదే తీపి వేరే పేరుతో వస్తుంటే ఆ పని జరగదు.

ఇక వాడికి ఏమివ్వాలి? నేను పిల్లలను అడిగి తెలుసుకున్నది ఏమిటంటే, వాళ్లు కూల్‌డ్రింక్‌లో కోరుకునేది చల్లదనం, గొంతులో చురుక్కుమనే గ్యాస్, కాస్త పులుపు. ఈ మూడూ ఇంట్లో ఇవ్వొచ్చు. కొట్లో దొరికే ప్లెయిన్ సోడా తెచ్చి బాగా చల్లబరచండి. గ్లాసులో అర చెక్క నిమ్మరసం, నలిపిన నాలుగు పుదీనా ఆకులు, తురిమి పిండిన అల్లం రసం చిన్న చెంచాడు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేసి, పైనుంచి సోడా నెమ్మదిగా పోయండి. మొదటి వారం రెండు చెంచాల చక్కెర వేయండి, తర్వాతి వారం ఒకటిన్నర, ఆపైన ఒకటి. ఒక్కసారిగా చక్కెర లేకుండా ఇస్తే ఒక గుటక తాగి పక్కన పెడతాడు, మళ్లీ బాటిల్ దగ్గరికే వెళ్తాడు. నాలుగైదు దానిమ్మ గింజలు నలిపి వేస్తే రంగు కూడా వస్తుంది, ఆ వయసు పిల్లలకు అది ముఖ్యమే. తాగాక నోరు మంచినీళ్లతో పుక్కిలించమనండి. నిమ్మ పులుపు కూడా పంటి ఎనామిల్‌ను తింటుంది. గ్యాస్ కోసం వంట సోడాను గానీ, కడుపు మంటకు వాడే పొడులను గానీ నిమ్మరసంలో కలపొద్దు. పావు చెంచా వంట సోడాలోనే 300 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. ఇంట్లో బీపీ మనిషి ఉన్నప్పుడు ఆ అలవాటు అసలే వద్దు. అలాగే నిమ్మకాయ, మజ్జిగ లాంటి పుల్లటివి రాగి చెంబులో కలపొద్దు, రాగి కరిగి అందులోకి దిగుతుంది.

రోజూ తాగడానికి నా ఓటు మజ్జిగకే. ఒక వంతు పెరుగుకు మూడు నాలుగు వంతుల నీళ్లు పోసి బాగా చిలకండి. పైన తేలిన వెన్న తీసేసి కరివేపాకు, కొత్తిమీర, దంచిన అల్లం, పచ్చిమిర్చి వేసి గంటసేపు కుండలో ఉంచి, వడకట్టి ఇవ్వండి. కుండలో, రంజన్‌లో చల్లబడిన మజ్జిగ రుచి ఫ్రిజ్‌లో పెట్టినదానికి రాదు. తాగే నీళ్ల కుండలో వట్టివేళ్ల కట్ట శుభ్రంగా కడిగి వేస్తే ఉత్త నీళ్లకే మంచి వాసన వస్తుంది. తీపి లేకుండా పిల్లలు నీళ్లు ఇష్టంగా తాగడం నేను చూసింది ఆ కుండ ఉన్న ఇళ్లలోనే. సబ్జా గింజలు వేసేటప్పుడు ఒక చెంచాడు గింజలను గ్లాసు నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు నాననిచ్చి, పూర్తిగా ఉబ్బాకే కలపండి. పొడి గింజలు నోట్లో పోసుకుంటే గొంతులో అడ్డం పడతాయి.

ఈ మధ్య మన హైదరాబాద్‌లో పార్కుల దగ్గర పొద్దున్నే రాగి జావ బండ్లు కనిపిస్తున్నాయి. సంతోషమే. ఇంట్లో అయితే ఇంకా సులువు. రాత్రి రెండు చెంచాల రాగి పిండి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఉడికించి చల్లార్చండి. పొద్దున మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటే సరి. రాగుల్లో కాల్షియం బియ్యం, గోధుమల కంటే చాలా ఎక్కువ, ఎదిగే బాబుకు మంచిది. అయితే జావలో ఉన్నదీ పిండి పదార్థమే. కాబట్టి మీ ఆయన దాన్ని టిఫిన్‌తో పాటు తాగకుండా, టిఫిన్‌కు బదులుగా తాగాలి.

మీ ఆయన కూల్‌డ్రింక్ మానేసినందుకు ముందు మెచ్చుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్ అంటాం. ఈ దశలో వెనక్కి తిప్పుకునే వీలు చాలా ఉంది. బత్తాయి జ్యూస్ ఆ దారిలో అడ్డం. ఒక గ్లాసుకు మూడు నాలుగు కాయలు పిండుతారు, పీచు చెత్తబుట్టలోకి పోతుంది, చాలా బండ్ల మీద చక్కెర పాకం కూడా కలుపుతారు. సాయంత్రం ఆకలేస్తే ఒక బత్తాయి వలిచి తొనలు తినమనండి. పుచ్చకాయ, బొప్పాయి కూడా ముక్కలుగానే తినాలి.

ఇక అత్తమ్మ. పెద్ద వయసులో దాహం సరిగా తెలియదు. అడిగేదాకా ఆగకుండా గంటకోసారి అర గ్లాసు నీళ్లో, పలుచటి మజ్జిగో చేతికి ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులుండి నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం ఆ కొలతే పాటించాలి. ఆమె మజ్జిగలో ఉప్పు వేయొద్దు, జీలకర్ర, నిమ్మ చాలు. రోజంతటికీ ఉప్పు ఒక టీ చెంచా లోపు ఉండాలి, మన పచ్చళ్లతోనే అది దాటిపోతుంది. కొబ్బరి నీళ్లు మంచివని రోజూ ఇస్తుంటే ఒక్క నిమిషం ఆగండి. వాటిలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మందులు కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి. కిడ్నీ కాస్త నెమ్మదించి ఉంటే ఈ రెండూ కలిసి గుండె లయను దెబ్బతీయొచ్చు. ఆమె మందుల చీటీ చూసుకుని, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించాకే రోజూ ఇవ్వాలో వద్దో తేల్చుకోండి.

బాబు ఎండలో ఆడి వచ్చాడని డబ్బాల్లో అమ్మే ఓఆర్‌ఎస్ పేరున్న తీపి పానీయాలు కొంటుంటే అవీ ఆపండి. మన నగరానికే చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పాటించని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. అసలైన ఓఆర్‌ఎస్ విరేచనాలకు, వాంతులకు మందు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలిపి వాడాలి. ఆటాడి వచ్చిన పిల్లాడికి నీళ్లు, మజ్జిగ చాలు.

ఐస్ కూడా ఫిల్టర్ నీళ్లతోనో, కాచి చల్లార్చిన నీళ్లతోనో ఇంట్లోనే గడ్డ కట్టించుకోండి. గడ్డ కట్టినంత మాత్రాన టైఫాయిడ్, కామెర్ల క్రిములు చావవు.

ఈ వారమే బాబును పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత, బీపీ చూపించి, పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు అడగండి. వాడి ముందు జబ్బు, షుగర్ అంటూ టెన్షన్ పెట్టొద్దు, బరువు గురించి ఎగతాళి అసలే వద్దు. అతిగా దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు చూపించండి. మీ ఆయన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోవాలి. ఈలోగా బాబు మెడను పీచుతో రుద్దడం ఆపేయండి. రుద్దిన కొద్దీ చర్మం ఒరుసుకుపోయి ఇంకా నల్లబడుతుంది.