శ్రీకాకుళం నుంచి భూటాన్‌కి పాస్‌పోర్టు లేకుండా రైల్లో వెళ్ళొచ్చా? అమ్మానాన్నల ఆధార్ కార్డులు సరిపోతాయా?

పాస్‌పోర్టు లేకపోయినా వెళ్ళొచ్చు. రైల్లోనూ వెళ్ళొచ్చు. ఆధార్ మాత్రం సరిపోదు. అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఆ మూడో ముక్క దగ్గర నేను ఆగాలి, ఎందుకంటే దాని పుణ్యమా అని నేను, మా ఆవిడ, మా అమ్మ సరిహద్దు ఊళ్ళో రెండు రాత్రులు లాడ్జిలో పడున్నాం.

మాది విజయనగరం. మన దగ్గర సిమ్ముకీ ఆధారే, గ్యాసుకీ ఆధారే, గుళ్ళో గదికీ ఆధారే. అందుకని అది ఎక్కడైనా చెల్లుతుందని మనకో నమ్మకం. భూటాన్ వాళ్ళు మాత్రం మనవాళ్ళ దగ్గర రెండే చూస్తారు: ఆరు నెలలైనా గడువున్న పాస్‌పోర్టు, లేదంటే ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. వీసా అక్కర్లేదు, పర్మిట్ ఇస్తారు. పిల్లలుంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి. ఓటరు కార్డు అసలుదే ఉండాలి. ఈ "అసలుది" అన్నమాట చదివే ఉన్నాను, తలకెక్కలేదు.

అమ్మ కార్డు పాతది. లామినేషన్ మూలలు లేచిపోయి, ఫొటోలో మనిషి ఉందో లేదో తెలియకుండా ఉండేది. మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు "దీన్ని పట్టుకెళ్తే పరువు పోతుందండీ" అని స్కాన్ చేసి, రంగులు సరిచేసి, ఏటీఎం కార్డులా గట్టిగా ప్రింటు తీసిచ్చాడు. నిగనిగలాడిపోయింది. అసలుదాన్ని అమ్మ బీరువాలో పట్టుచీర మడతలో పెట్టింది, కొత్తది పర్సులో పెట్టుకుంది. నేను, మా ఆవిడ పాస్‌పోర్టులు తీసుకున్నాం. గురువారం రాత్రి హౌరా బండెక్కాం.

సరిహద్దు దాటగానే వచ్చే భూటాన్ ఊరు ఫుంట్‌షోలింగ్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్. మోకాళ్ళ దాకా వచ్చే వాళ్ళ దేశపు దుస్తుల్లో ఒక కుర్ర ఆఫీసరు. మా పాస్‌పోర్టులు ఇలా తిప్పి అలా పక్కన పెట్టాడు. అమ్మ కార్డు దగ్గర ఆగాడు. ట్యూబ్‌లైటు వైపు వంచాడు, బొటనవేలి గోరుతో గీశాడు, అంచు చూశాడు. "ఒరిజినల్?" అన్నాడు. "ఒరిజినలే" అన్నాను ధీమాగా. అతను ఇంకేం మాట్లాడలేదు. మా వెనక లైనులో ఉన్న బెంగాలీ ఆయన దగ్గర ఓటరు కార్డు అడిగి తీసుకుని, రెండూ పక్కపక్కన పట్టుకుని వంచాడు. ఆయన కార్డు మీద హోలోగ్రామ్ చేప పొలుసులా తళుక్కుమంది. మాది బజ్జున్నట్టు అలాగే ఉంది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏటంటున్నాడురా?"

"ఈ కార్డులో ఉన్నది నువ్వు కాదంటున్నాడమ్మా."

"నాను కాపోతే మరి నువ్వెవరివి?"

ఆధార్ ఇచ్చాను. రెండు చేతులతో, ఎంతో మర్యాదగా, వెనక్కి ఇచ్చేశాడు. మనవాళ్ళయితే విసిరేసుండేవారు, కనీసం కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది. మన గడియారం మూడున్నర అంటుంటే అక్కడ నాలుగైంది, వాళ్ళు మనకన్నా అరగంట ముందు. ఆ ఊళ్ళోనే మన కాన్సులేట్ ఉంది, కానీ ఆ రోజు శనివారం.

వెనక్కి నడిచి మన వైపు సరిహద్దు ఊరు జైగావ్‌లో గది తీసుకున్నాం. సరిహద్దు గేటుకి ఇటు జైగావ్, అటు ఫుంట్‌షోలింగ్. మధ్యలో ఉన్నది ఒక గోడ. ఇటు ఆటోలు, దుమ్ము, చెవులు చిల్లులు పడే హారన్లు. అటు చీపురు ఇప్పుడే పెట్టినట్టున్న రోడ్డు. అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రెండు రోజులూ అటే చూసింది. "అక్కడ బళ్ళకి హారన్లు ఉండవేటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పళ్ళు నూరుకుంటూ ఆ ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడిని తలుచుకుంటున్నాను.

మా బావకి ఫోన్ చేస్తే ఆయనే దారి చూశాడు. ఆయన స్నేహితుడి తమ్ముడు ఎయిర్‌ఫోర్స్‌లో పని చేస్తాడు, అదీ జైగావ్‌కి దగ్గర్లో ఉన్న హాసిమారా బేస్‌లోనే. సెలవు అయిపోయి సరిగ్గా ఆ శనివారం రాత్రే డ్యూటీకి బయల్దేరుతున్నాడు. మన జిల్లాల్లో ఏ ఊరికెళ్ళినా ఇంటికొక కుర్రాడు మిలటరీలో ఉంటాడు కదా, ఆ లెక్కన చూస్తే ఇది అంత వింతేం కాదు. సోమవారం పొద్దున హాసిమారా స్టేషన్లో దిగి, పేపర్లో చుట్టిన అమ్మ అసలు కార్డు, దాంతోపాటు మా అక్క పంపిన జంతికల పొట్లం ఇచ్చి వెళ్ళిపోయాడు. టీ తాగమన్నా ఆగలేదు. మధ్యాహ్నం అదే కౌంటర్, అదే ఆఫీసరు. మూలలు లేచిపోయిన ఆ పాత కార్డుని ఒక్కసారి వంచి చూసి, అమ్మకి నవ్వుతూ తల వంచి నమస్కారం పెట్టాడు.

ఇక రవాణా. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో హౌరా వైపు బండెక్కండి (శ్రీకాకుళం అని పేరు పెట్టి ఆమదాలవలసలో దింపే ఆ స్టేషన్ గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం). హౌరాలో దిగి టాక్సీలో సియాల్దా. అక్కడ రాత్రి కాంచన్‌కన్యా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున తేయాకు తోటల మధ్య నుంచి హాసిమారా చేరుస్తుంది. అక్కడి నుంచి జైగావ్ 20 కిలోమీటర్ల లోపే, ఆటోలు, జీపులు దొరుకుతాయి. కోల్‌కతాలో మారడం ఇష్టం లేకపోతే డిబ్రూగఢ్ వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన మీదుగానే పోతుంది, న్యూ జల్పాయిగురిలో దిగి రోడ్డు మీద వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళతో అయితే నేను హౌరా దారే చెప్తాను. మధ్యలో ఒక పూట నడుం వాల్చుకోవచ్చు.

విమానం కావాలంటే కోల్‌కతా నుంచి భూటాన్‌లోని పారోకి గంట ప్రయాణం. డ్రక్‌ఎయిర్, భూటాన్ ఎయిర్‌లైన్స్ నడుపుతాయి. కొండల మధ్య ఇరుకు లోయలో దిగాలి కాబట్టి ఆ రన్‌వే మీద దింపడానికి అనుమతి ఉన్న పైలట్లు కొద్దిమందే, అదీ పగటిపూటే. టికెట్ మన జేబుకి బరువు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి మా జిల్లావాళ్ళం ఎన్ని ఊళ్ళకి ఎగిరిపోయామో కలల్లో! 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన చూశాం. అక్కడి నుంచి నేరుగా పారోకి విమానం వేసేదాకా ఆగుతానంటే మీ ఇష్టం.

ఫుంట్‌షోలింగ్ నుంచి రాజధాని థింఫూ దాదాపు 150 కిలోమీటర్లు, అయిదు గంటల ఘాట్ రోడ్డు. ఊరు దాటగానే రించెండింగ్ చెక్‌పోస్టులో పర్మిట్లు చూస్తారు, వాటిని సూట్‌కేసు అడుగున పెట్టకండి. మనవాళ్ళు పర్యాటక రుసుము కింద మనిషికి రాత్రికి 1200 రూపాయలు కట్టాలి, 2022 సెప్టెంబరు నుంచి ఈ రుసుము ఉంది. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి సగం. మన నోట్లు అక్కడ చెల్లుతాయి, వాళ్ళ నూల్‌ట్రమ్ మన రూపాయితో సమానం. కానీ వాళ్ళ నోట్లు మన ఊళ్ళో ఎవరూ తీసుకోరు, మిగిలినవి జైగావ్‌లోనే ఖర్చు పెట్టేయండి.

పారోలో తక్‌త్సాంగ్ మఠం, కొండ చరియకి అతికించినట్టు ఉంటుంది చూడండి, అది 3000 మీటర్ల పైన ఉంది. గుర్రాలు సగం దారి దాకే, దిగేటప్పుడు నడకే. సింహాచలం మెట్లు ఎక్కిన మా అమ్మ కూడా కింద చెట్టు నీడలో కూర్చుండిపోయింది. భోజనం గురించి భయపడకండి. ఎమా దత్సి అని పచ్చిమిరపకాయల్నే కూరగాయలా జున్నుతో వండుతారు. అమ్మ రెండుసార్లు వడ్డించుకుని, "ఇంత కారం తిని ఇంత నెమ్మదిగా ఎలాగున్నారురా ఈలు" అంది.

మీరు చేయాల్సింది రైలు టికెట్ కాదు. ఇవాళే మీ అమ్మగారి బీరువా తెరిచి కార్డు ఉందో లేదో, దాని మీద పేరు, ఫొటో కనిపిస్తున్నాయో లేదో చూడండి. కార్డు పోయుంటే ఎన్నికల సంఘానికి ఫారం 8 పెట్టి కొత్తది తెప్పించుకోవచ్చు. అది ఇంటికొచ్చాకే బెర్తులు చూసుకోండి.