ఏ నోట ఏ పేరు: కొత్తగా రాస్తున్న తమ్ముడికి ఉత్తరం

హన్మకొండ

తమ్మీ,

నీ కథ అందింది. రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చడానికి వేములవాడకు బయలుదేరిన ముసలాయన దారిలోనే మనసు మార్చుకోవడం నాకు నచ్చింది. కథ నడక మీద చెప్పాల్సింది ఎక్కువ లేదు. మాటల మీద మాత్రం చాలా ఉంది, అందుకే ఉత్తరం పొడుగైంది. ఓపిగ్గా చదువు.

మొదటి పేజీలో నీ కొమురయ్య మనవడితో "రేపు పొద్దుగాల వస్త" అంటాడు. కాస్త ముందుకు పోతే అదే మనిషి "అత్త" అంటాడు. చివర్లో "వస్తాను" అని కూడా అన్నాడు, అదీ సొంత భార్యతో. ఆయనది హుజూరాబాద్ పక్క పల్లె అని నువ్వే రాశావు. అక్కడ పుట్టి పెరిగిన ముసలాయన ఇంట్లో "అత్త" అనే అంటాడు. ఆ పక్కంతా, ఇటు పరకాల దాకా, "స్త" ఉన్నచోట "త్త" పలుకుతుంది. చేత్త, సూత్త, అత్తన్న. నల్లగొండ మనిషో పాలమూరు మనిషో అయితే వస్త అంటాడు. ఇదంతా కలిపి "తెలంగాణ యాస" అని ఒక్క పేరు పెట్టేస్తే ఈ తేడా కనిపించకుండా పోతుంది. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విడదీశారు, అందులో తెలంగాణ ఒకటి. శాస్త్రానికి ఆ విభజన పనికొస్తుంది. కథ రాసేవాడికి అది చాలదు. జిల్లా తెలియాలి, ఊరు తెలియాలి, ఒక్కోసారి ఏ వాడో కూడా తెలియాలి.

"అత్త"తో ఇంకో చిక్కు ఉంది. "రేపు అత్త" అని కాగితం మీద పెడితే వేరే జిల్లా పాఠకుడికి మేనత్త గుర్తొస్తుంది. ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు ఆ ఇబ్బంది రాదు, గొంతు తేడా చెబుతుంది. రాసేటప్పుడు గొంతు ఉండదు. అలాంటి చోట మాటను అట్లాగే ఉంచి వాక్యాన్ని సరిచెయ్యి. "పొద్దుగాల మొదటి బస్సుకే అత్త, నువ్వు తయారుగుండు" అంటే ఎవరికీ అనుమానం రాదు. బ్రాకెట్లో అర్థం పెట్టే అలవాటు మాత్రం ఇప్పుడే మానెయ్. చదివేవాడిని అది మాటిమాటికీ కథలోంచి బయటికి లాగుతుంది.

యాసకు ఒక లెక్క ఉంది తమ్మీ. వేములవాడను మనవాళ్లు ఏములాడ అంటారు. వెంకటయ్య ఎంకటయ్య అవుతాడు, వీరయ్య ఈరయ్య అవుతాడు. ఇ, ఈ, ఎ, ఏ అనే అచ్చుల ముందు మాట మొదట్లో ఉన్న వకారం జారిపోతుంది. వచ్చిండు, వద్దు లాంటి మాటల్లో కూడా మన వైపు అది పోయి అచ్చిండు, అద్దు అవుతాయి. కానీ వాగు వాగే, వాన వానే. నీ కథలో ఒకచోట "ఆగు దాటి" అని ఉంది. వాగు దాటడం అని నీ ఉద్దేశం. అట్లా అనే మనిషిని నేను ఎక్కడా వినలేదు. లెక్క పట్టుకోకుండా కనబడ్డ వకారమల్లా తీసేస్తే ఇట్లాగే అవుతుంది. ఊరి మనిషి అది చదివి, ఇది మా మాట కాదని పక్కన పెడతాడు, ఇక మిగతా కథను కూడా నమ్మడు.

పేర్లలో ఈ లెక్క ఇంకా బాగా కనిపిస్తుంది. మధ్యలో ఉన్న చిన్న అచ్చులు రాలిపోతాయి. నరసయ్య నర్సయ్య, సిరిసిల్ల సిర్సిల్ల, కొమురవెల్లి కొమ్రెల్లి. కరీంనగర్ అయితే ఊళ్ల మీదికి పోయేసరికి కన్నారం. ముందున్న హకారం నిలవదు కాబట్టి హుజూరాబాద్ ఉజురాబాద్ అవుతుంది, హైదరాబాద్ ఐద్రాబాద్ అవుతుంది.

నేనుండే ఊరినే చూడు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు మార్చినప్పటి నుంచి ఆఫీసు కాగితాల్లో అదే ఉంది. అంతకుముందు ఎన్నో ఏండ్లు హన్మకొండ అని రాసుకున్నాం, నేను ఇప్పటికీ అట్లాగే రాస్తాను. కూరగాయలమ్మే ముసలమ్మలు అన్మకొండ అంటారు. హ పలకడం రాదు పాపం అని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. కానీ కాకతీయుల కాలం నాటి పేరు అనుమకొండ. ఆ ముసలమ్మకు శాసనాలు తెలుసని నేననడం లేదు. ఐద్రాబాద్ అన్న నోటితోనే ఆమె అన్మకొండ అంటుంది. అయినా ఏది అసలు పేరు, ఏది చెడిపోయిన పేరు అని తీర్పు చెప్పే ముందు మనం కాస్త ఆగాలి. వేములవాడే పాత శాసనాల్లో లేంబులవాటిక. పాల్కురికి సోమనాథుడి పాల్కురికిని ఇప్పుడు మనం పాలకుర్తి అంటున్నాం. ఊళ్ల పేర్లు ఎప్పుడూ మనుషుల నోళ్లలోనే అరిగి, కొత్త రూపం తెచ్చుకున్నాయి.

మేడారం జాతర సంగతి నీకు తెలిసిందే. పుస్తకాల్లో సమ్మక్క సారలమ్మ అని రాస్తారు. మనిషి బరువుకు సరితూగే ఎత్తు బెల్లం మొక్కుకున్నవాళ్లు సమ్మక్క సారక్క అంటారు. 2023లో పార్లమెంటు చట్టం చేసి ములుగుకు ఇచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి సమ్మక్క సారక్క అనే పేరే పెట్టారు. జాతరలో పిలిచే పేరు చట్టంలోకి ఎక్కింది. నాకు ఆ వార్త చదివినప్పుడు ఎంత సంతోషమైందో చెప్పలేను.

బళ్లో ప్రకృతి, వికృతి అని నేర్పించారు గుర్తుందా? లక్ష్మికి లచ్చి, భక్తికి బత్తి, యాత్రకు జాతర. పరీక్షలో రాస్తే మార్కులు వేస్తారు. అదే లచ్చి మీ నానమ్మ నోట లచ్చవ్వ అయి వస్తే మాత్రం పిల్లలు నవ్వుతారు, కొన్నిచోట్ల సార్లు కూడా నవ్వుతారు. పెండ్లి, కండ్లు, ఇండ్లు అనేవి కూడా అంతే. పాత కవుల తెలుగులో ఉన్న రూపాలు అవి. కోస్తాలో పెళ్లి, కళ్లు, ఇళ్లు అయినాక కూడా మన దగ్గర నిలబడ్డాయి. నీ కథనంలో "పెళ్లి" అని రాసి మాటల్లో "పెండ్లి" అని పెట్టావు. కథనంలో కూడా పెండ్లి అనే రాయి, ఎవరికీ అర్థం కాకుండా పోదు.

ఇప్పుడు నీ ముసలాయన పేరు దగ్గరికి వస్తాను. మన వైపు పేరు వినగానే ఏ దేవుడి మొక్కో చాలావరకు తెలిసిపోతుంది. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. ఐలయ్య అంటే ఐనవోలు మల్లన్న, ఐలోని మల్లన్న అని జనం పిలిచే దేవుడు. సమ్మయ్య, సారయ్య మేడారం పేర్లు. రాజయ్య, రాజవ్వ వేములవాడ రాజన్నవి. అన్నారం షరీఫ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలు యాకయ్యలు, యాకమ్మలు. ఆ దర్గాలోని యాకూబ్ బాబా పేరు తెలుగు నోట్లోకి వచ్చి అయ్యను, అమ్మను చేర్చుకుంది, ఏ మతం వాళ్లకూ అందులో వింత కనిపించలేదు. మరి నీ కొమురయ్య తల్లి మొక్కింది కొమ్రెల్లిలో. ఆయన కోడెను పట్టుకుని పోతున్నది ఏములాడకు. ఆ ముసలాయన ఒక్కసారైనా దీని గురించి తనలో తాను మాట్లాడుకోడా? కథకు కావలసిన ఊట ఆ పేరులోనే ఉంది, నువ్వు చూడకుండా దాటిపోయావు.

ఇంకో పని చెయ్యి. ఆ ఒక్క మనిషిని ఎవరెవరు ఏమని పిలుస్తారో రాసుకో. రేషన్ కార్డులో కొమురయ్య. బడి రిజిస్టర్‌లో కొమరయ్య, ఎందుకంటే వేరే జిల్లా నుంచి వచ్చిన సారు చెవికి అట్లా వినబడింది. ఆధార్‌లో ఇంగ్లిషు స్పెల్లింగు ఒక తీరు, పట్టాదారు పాసుబుక్కులో ఇంకో తీరు. రాసేవాళ్లు విన్నది రాస్తారు, కంప్యూటర్ దాన్నే పట్టుకుంటుంది, పింఛను దగ్గరో పట్టా దగ్గరో ఆ ఒక్క అక్షరం అడ్డం పడుతుంది. ఆ టెన్షన్ పడ్డ ఇల్లు లేని ఊరు లేదు. ఇక ఇంట్లో చూస్తే, తల్లి బతికున్నన్నాళ్లు ఆయన కొమ్రిగాడు. తోటివాళ్లకు కొమ్రన్న. వాడకట్టు పిల్లలకు కొమ్రయ్య తాత. భార్య అసలు పేరు ఎత్తదు, "పెద్దోని నాయిన" అంటుంది. నీ కథలో ఆమె "కొమురయ్యా" అని కేకేసి పిలిచింది. ఆ వయసు ఆడమనిషి మన పల్లెల్లో మొగని పేరు పెట్టి పిలవదు. ఆమె జీవితంలో మొదటిసారి ఆ పేరు ఎత్తిందని నువ్వు చూపించాలనుకుంటే మాత్రం అది పెద్ద సంఘటన, ఊరికే ఖర్చు పెట్టేది కాదు.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన విషయం. నీ కథలో కొమురయ్య, ఆయన భార్య, జీతగాడు యాసలో మాట్లాడతారు. డాక్టరు, టీచరు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు అచ్చు పుస్తకంలా మాట్లాడతారు. అందరూ పుట్టింది ఇక్కడే కదా? కైకిలికి పోయేవాళ్లకు యాస, జీతం తీసుకునేవాళ్లకు భాష అని ఎవరు పంచారు? కవి కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు దండలు వేసి, మర్నాడు కథ రాసేటప్పుడు యాసను పేదవాడి గుర్తుగా, నవ్వించే సరుకుగా వాడితే ఆ దండలకు అర్థం లేదు. ఈ తప్పు నువ్వు కావాలని చెయ్యలేదని తెలుసు. ఇంతకాలం తెరమీదా అచ్చులోనూ చూసింది నీ చేతికి అలవాటైంది. ఆ అలవాటును ఇప్పుడే తుంచెయ్.

వరంగల్లో పుట్టి ఇక్కడే చదివిన డాక్టరు ముసలాయన నాడి పట్టుకుని "ఎన్నొద్దులాయె జరమచ్చి?" అని అడుగుతాడు. పక్కనున్న జూనియర్‌తో పుస్తకాల తెలుగు, ఇంగ్లిషు కలిపి మాట్లాడతాడు. మళ్లీ ముసలాయన వైపు తిరగగానే మాట మారుతుంది. కొడుకు ఆఫీసు ఫోన్‌లో "వస్తున్నాను సార్" అంటాడు, అది పెట్టేసి తండ్రితో "అత్తన్న నాయినా" అంటాడు. కాకతీయ యూనివర్సిటీ గేటు దగ్గర చాయ్ తాగే హాస్టల్ పిల్లలను చూడు. దోస్తులతో ఒక తీరు, ఇంటి నుంచి ఫోన్ రాగానే ఇంకో తీరు. ఒకే నోట్లో రెండు మూడు తెలుగులు ఉంటాయి. ఎవరితో మాట్లాడేటప్పుడు ఏది బయటికి వస్తుందో పట్టుకుంటే మనిషి దొరికినట్టే. ఈ ఉత్తరం కూడా నేను బడి తెలుగులోనే రాస్తున్నాను. రేపు ఫోన్ చేస్తే నీకు వేరే అక్క వినిపిస్తుంది.

మోతాదు గురించి కూడా చెప్పాలి. నువ్వు రాసిన వాక్యం ఇది: "గా బస్సు గిప్పుడే గటు బోయింది గదా, గింకోటి గెప్పుడత్తదో." గకారం మన మాటల్లో ఉంది, లేదనను. కానీ ప్రతి మాటకూ తగిలిస్తే మనిషి పోయి గకారమే మిగులుతుంది. "బస్సు ఇప్పుడే పాయె. ఇంకోటి అచ్చెదాకా కూసో" అని చూడు. ఒక్క గకారం లేకపోయినా ఇది మన ఊరి బస్సే. యాస అక్షరాల్లో కంటే క్రియల్లో ఎక్కువ ఉంటుంది. పాయె, పోయిండ్రు, అనెటోడు, తినుడు, పోవుడు. ముందు వాటిని సరిగ్గా పెట్టు. స్పెల్లింగు మార్పులు ఆ తర్వాత, అవసరమైనంతే.

మిగిలింది పాఠకుడి నాలుక చూసుకుంటుంది. చదువులో చ, చెల్లెలో చ ఒకటి కావు. పాత నిఘంటువుల్లో ఆ మొదటి దానికి ౘ అని వేరే గుర్తు ఉండేది. ఇప్పుడు మనం రాయడం లేదు, అయినా తెలుగువాడు ఎవరూ తప్పు చదవడు.

కథనంలో వేములవాడ అని రాసి మాటల్లో ఏములాడ అనిపిస్తే సరిపోతుంది. కాదు, కథ చెప్పే గొంతే ఏములాడ అనాలి అంటావా, అదీ మంచిదే. అప్పుడు మొదటి వాక్యం నుంచి చివరిదాకా కథనం మొత్తం ఆ భాషలోనే నడపాలి. మధ్యలో వదిలేస్తే రెంటికీ చెడుతుంది.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయి ఒక పూట కూర్చో. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మానుకోట పక్కల నుంచి రైతులు వస్తారు. ధర అడిగేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరి మాట ఎట్లా ఉందో విను. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడేవాళ్ల తెలుగుకు దాని సొంత లెక్క ఉంది. వాళ్లతో స్నేహం కాకముందు దాన్ని రాయడానికి తొందరపడకు.

తిరగరాసినాక పత్రికకు పంపే ముందు మీ నానమ్మకు గట్టిగా చదివి వినిపించు. ఎక్కడ ఆమె నిన్ను ఆపి "అట్లనరు బిడ్డా" అన్నదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ పేజీలు నాకు పంపు. కోడెను పట్టుకునే తాడును నువ్వు "తాడు" అనే రాశావు. మా దగ్గర పగ్గం అంటారు. మీ ఊళ్లో ఏమంటారో ఆమెనే అడిగి, నాకు కూడా రాయి.

మీ అక్క