కోరింగ మడ అడవిలో చూసిన నల్ల తల లకుముకి ఏ జాతి?

కోరింగలో పడవ మీద వెళ్తుంటే తల నల్లగా, ముక్కు ఎర్రగా ఉన్న లకుముకి కనిపించిందనీ, అది చెరువుల దగ్గర ఉండే మామూలుదేనా, వేరే జాతా అనీ అడిగారు. ఆ రెండు గుర్తులతో తేలదు. మెడ వెనక భాగం చూడాలి.

కరెంటు తీగల మీద రోజూ కనిపించే తెల్లగొంతు లకుముకికీ ముక్కు ఎర్రగానే ఉంటుంది. తల ముదురు చాక్లెట్ రంగు. ఎదురెండలో చూస్తే అది నల్లగానే అనిపిస్తుంది. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. దాని తెలుపు గొంతు నుంచి రొమ్ము దాకా దిగి ఆగిపోతుంది, మెడ వెనక్కి పోదు. నల్లతల లకుముకికి, అంటే బ్లాక్ క్యాప్డ్ కింగ్‌ఫిషర్‌కి నల్ల టోపీ కింద తెల్ల పట్టీ మెడ చుట్టూ తిరుగుతుంది. వీపు ఊదా కలిసిన ముదురు నీలం, పొట్ట నారింజ. పరిమాణం చూసి లాభం లేదు, రెండూ 28 సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటాయి. ఎగిరేటప్పుడు రెక్కలో తెల్ల మచ్చ కూడా రెండింటికీ ఉంది. నల్లతలదానికి కాస్త పెద్దది, అంతే. ముక్కు మరీ లావుగా, పిట్ట 35 సెంటీమీటర్లు దాటి, రెక్కలో తెలుపు అసలు లేకపోతే అది స్టార్క్ బిల్డ్ కింగ్‌ఫిషర్. దాని తల మాసిన గోధుమ రంగు.

చోటు కూడా ఒక ఆధారమే కానీ రుజువు కాదు. తెల్లగొంతుది మడ అడవిలోకీ వస్తుంది. నల్లతలది మాత్రం మన దగ్గర ప్రధానంగా తీరం, మడ అడవులు, నదీ ముఖాలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఊరి చెరువు దగ్గర చూశానని ఎవరైనా అంటే ముందు ఫొటో అడగండి.

వెతకడానికి చలికాలం మంచిది. ఆటు వేళ, నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడు వెళ్లండి. ఒడ్డు బురద బయటపడి పీతలు, బురదలో గెంతే చిన్న చేపలు దొరికే వేళ అది. పిట్ట చెట్టు చిటారున కాకుండా పాయ మీదికి వంగిన మడ కొమ్మ మీదో, నీటికి కాస్త ఎత్తున వేళ్ల మీదో కదలకుండా కూర్చుని, ఒక్కసారిగా బురద మీదికి దూకుతుంది. నిండు పోటులో ఆ బురదంతా మునిగిపోతుంది, పిట్ట లోపలి కొమ్మల్లోకి జరిగితే దొరకడం కష్టం.

ఇంజిన్ కాస్త ముందే ఆపించి, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా పడవ తిప్పించండి. ఊగే పడవలో 10 రెట్ల బైనాక్యులర్ కన్నా 8 రెట్లది (8x42) నయం. కెమెరా షట్టర్ వేగం 1/1600 సెకను కంటే తగ్గనివ్వకండి. చీకటి ఆకుల ముందు తెల్ల పట్టీ మాడిపోకుండా ఎక్స్‌పోజర్ 0.7 స్టాప్ తగ్గించండి. కూత రికార్డింగ్ వినిపించి పిలవడం మాత్రం వద్దు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ పిట్టను వల్నరబుల్ (అంతరించే ముప్పున్న) జాబితాలో పెట్టింది, దాని వేట సమయం మనం పాడుచేయకూడదు.

పక్షులు కనిపించిన వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించేటప్పుడు పక్క నుంచో, వెనక నుంచో తీసిన ఫొటో జత చేయండి. మెడ, పొట్ట రెండూ కనిపించకపోతే జాతి పేరు రాయకుండా ‘కింగ్‌ఫిషర్’ అని ఆపేయండి.