ఎఫ్‌డీ అని చెప్పి బీమా కాగితాలపై సంతకం చేయించారు... డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో 4 లక్షలు ఎఫ్‌డీ వేద్దామని నాన్నగారు బ్యాంకుకు వెళ్లారు. వడ్డీ ఎక్కువొస్తుందంటూ ఏవో కాగితాలపై సంతకాలు పెట్టించారు. 19 రోజుల క్రితం బీమా పాలసీ బాండు వచ్చింది. ఏటా 4 లక్షల చొప్పున పదేళ్లు కట్టాలట! సంతకం చేశాక ఏమీ చేయలేమంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. పైగా మీ చేతిలో ఇంకా 11 రోజులున్నాయి. మోసం జరిగిందా లేదా అన్న వాదన పక్కనపెట్టి ముందు వాటిని వాడుకోండి. పాలసీ అందిన 30 రోజుల్లోపు అక్కర్లేదని తిప్పి ఇచ్చేయొచ్చు. దీన్నే ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు. ఏ రుజువూ చూపనక్కర్లేదు. ఇప్పటిదాకా ఉన్న బీమా రక్షణకు (రిస్క్ కవర్) ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది ఇస్తారు. యులిప్ (మార్కెట్ పెట్టుబడితో ముడిపడిన బీమా) అయితే ఆనాటి యూనిట్ల విలువను బట్టి మారుతుంది. పాలసీ ముందే ఈమెయిల్‌లో వచ్చిందేమో ఈరోజే చూడండి. వచ్చి ఉంటే గడువు అప్పటి నుంచే లెక్క.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బ్యాంకులో నోటిమాటగా చెబుతారు, వాళ్లు వచ్చేవారం రమ్మంటారు, ఈలోగా 30 రోజులూ అయిపోతాయి. ఉత్తరం ఇవ్వాల్సింది బీమా కంపెనీకి. నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో రాయండి. పాలసీ నంబరు, బాండు అందిన తేదీ, 'ఫ్రీ లుక్ కింద రద్దు చేయండి' అన్న మాట, కారణం స్పష్టంగా ఉండాలి. క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేయండి. విశాఖలోని కంపెనీ బ్రాంచిలో ఇచ్చి, మీ కాపీపై తేదీతో ముద్ర వేయించుకోండి. అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి. బాండు వచ్చిన కొరియర్ కవరు పారేయొద్దు.

గడువు దాటినవాళ్లకూ దారి ఉంది, కాకపోతే రుజువులు కావాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం మోసంతో సమ్మతి రాబట్టి చేసుకున్న ఒప్పందాన్ని మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చు. 'చెప్పలేదు' అనడం కంటే 'ఎఫ్‌డీ అని అబద్ధం చెప్పారు' అన్నది బలమైన వాదన. విషయం దాచారంటే, శ్రద్ధగా చదివితే మీకే తెలిసేది కదా అని అవతలివారు తప్పించుకోగలరు.

ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం నింపిన దరఖాస్తు) కాపీ, వెరిఫికేషన్ కాల్ (వివరాలు సరిచూసుకోవడానికి కంపెనీ చేసే ఫోన్) రికార్డింగ్ రాతపూర్వకంగా అడగండి. ఫారంలో పెన్షనర్ ఆదాయాన్ని పెంచి రాశారా, ఫోన్ నంబరు వేరేవాళ్లదా చూడండి. నాన్నగారు తెలుగులో సంతకం చేసి ఉంటే, ఇంగ్లిష్ ఫారాన్ని ఆయనకు తెలుగులో వివరించామన్న డిక్లరేషన్ కింద ఎవరు సంతకం చేశారో చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ గడే.

బీమా కంపెనీ నెలలో స్పందించకపోయినా, తిరస్కరించినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) రాయండి. ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. లేదంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి అక్కడా ఫీజు ఉండదు. సంతకమే ఫోర్జరీ అయితే పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి.

రెండో ఏడాది ప్రీమియం కడితే మొత్తం వెనక్కి ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే కట్టకండి. తెలిసే కొనసాగించారని రేపు కంపెనీయే వాదిస్తుంది. ఖాతాకు ఆటో డెబిట్ పెట్టి ఉంటే దాన్నీ ఈ వారమే ఆపించండి.