సొర్బె అంటే షర్బత్తేనా?

సందేహం: నేను వంటల పుస్తకాలు తెలుగులోకి అనువదిస్తుంటాను. చల్లని తీపి పదార్థాల అధ్యాయంలో సొర్బె, షెర్బెట్, గ్రనీటా, జెలాటో అని విడివిడిగా ఉన్నవాటన్నిటినీ మా సంపాదకులు 'పండ్ల ఐస్‌క్రీమ్' అని మార్చమంటున్నారు. 'సొర్బె అంటే షర్బత్తే కదా, అలాగే రాసెయ్యండి' అని ఒక మిత్రుడి సలహా. 'హిమక్రీము' అనీ 'ఘనీభూత ఫలరసం' అనీ మరొకరు సూచించారు. వీటిలో ఏది సాధువు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ సంపాదకుల సూచనతోనే మొదలుపెడతాను. అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది అదే. ఐస్‌క్రీమ్ అన్న మాటలో క్రీము ఉంది, అంటే మీగడ. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఒక పదార్థాన్ని ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే అందులో పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. ఇప్పటి సొర్బెలో పాలచుక్క ఉండదు. పండ్ల రసమో గుజ్జో, పంచదార, నీళ్లు, అంతే. పాలు పడనివాళ్లు మీ పుస్తకంలో 'పండ్ల ఐస్‌క్రీమ్' అన్న శీర్షిక చూసి పేజీ తిప్పేస్తారు, హాయిగా తినదగినదాన్ని వదులుకుంటారు. ఒకసారి రెంటికీ ఒకే పేరు అలవాటైతే, పాలున్నదాన్ని లేదనుకుని తినేవాళ్లూ ఉంటారు. చల్లగా గట్టిగా కనబడిన ప్రతిదానికీ ఐస్‌క్రీమ్ అని పేరు తగిలించడం ఈమధ్య పత్రికల్లోనూ ప్రకటనల్లోనూ మరీ ఎక్కువైంది. అనువాదకులైనా ఆ దారిన పోకూడదు.

ఇక షర్బత్తు సంగతి. మీ మిత్రుడి మాటలో సగం నిజం ఉంది. ఆ సగం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. అరబ్బీలో ధాతువులు చాలావరకు మూడేసి హల్లులతో ఉంటాయి. షకారం, రేఫం, బకారం వరసగా వస్తే 'తాగడం'. షరిబ అంటే తాగాడు. షరాబ్ అంటే తాగేది, అది ఏదైనా సరే. షర్బ అంటే ఒకసారి తాగేంత. ఈ చివరి మాటే పారసీకంలో షర్బత్, తుర్కీలో షెర్బెత్ అయి, పండ్ల రసంలో పంచదార కలిపిన చల్లని పానీయానికి పేరుగా స్థిరపడింది. పారసీకం, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. మన భాష చివరి హల్లుకు ద్విత్వమిచ్చి, ఉకారం చేర్చి, షర్బత్తు అని సొంతం చేసుకుంది.

అదే మాట తుర్కుల దగ్గరనుంచి ఇటలీ చేరి సొర్బెత్తో అయింది. షకారం సకారమైందంటే సరే, అకారం ఒకారం ఎందుకైంది? ఇటాలియన్‌లో సొర్బీరె అని ఒక క్రియ ఉంది, కొద్దికొద్దిగా జుర్రుకోవడం అని అర్థం. పరాయి మాట చెవిన పడగానే జనం దాన్ని తమకు తెలిసిన మాట పక్కకు జరుపుకుంటారు. ఇక్కడ అర్థం కూడా కలిసొచ్చింది. తర్వాత ఫ్రెంచివారు తోక తీసేసి సొర్బె అన్నారు. రాతలో తకారం ఉంచారు కాని పలకరు. కాబట్టి 'సోర్బెట్' అని మన పత్రికల్లో కనబడేది ఫ్రెంచి అక్షరాలను ఇంగ్లీషులా చదవడంవల్ల వచ్చిన రూపం. సొర్బె అని రాస్తే మూలోచ్చారణకూ దగ్గర, మన భాషకూ అనుకూలం. అచ్చుతో ముగుస్తుంది కాబట్టి సొర్బెను, సొర్బెలో, సొర్బెలు అని విభక్తులూ బహువచనమూ ఇబ్బంది లేకుండా చేరతాయి.

షరాబ్ కూడా ఉన్నచోట ఉండలేదు. మధ్యయుగపు లాటిన్‌లోకి వెళ్లి సిరూపుస్ అయి, అక్కడినుంచి యూరపు భాషల్లో సిరప్ అయింది. సొర్బె చేసేవాళ్లు ముందుగా నీళ్లలో పంచదార కరిగించి పలుచని పాకం చేసుకుంటారు కదా, ఆ సిరప్పూ దానితో తయారయ్యే సొర్బె కూడా ఒకే ధాతువు సంతానమన్నమాట. ఉర్దూలో షరాబ్ మద్యానికే పరిమితమైంది. మన పాత కావ్యాల్లో, కైఫీయతుల్లో, ఇంటిపేర్లలో కనబడే షరాబు మాత్రం వీళ్ల చుట్టం కాదు. నాణేల మంచిచెడ్డలు చూసే ఆ షరాబు, సర్రాఫ్ అన్న మరో అరబ్బీ మాట నుంచి వచ్చాడు. ఆ ధాతువు వేరు.

ఇంత బంధుత్వం ఉన్నా సొర్బెను షర్బత్తు అనడానికి నాకు మనసొప్పదు. పాఠకుడు షర్బత్తు అని చదవగానే గ్లాసు తీస్తాడు, చెంచా తీయడు. పైగా ఇంగ్లీషులో ఈ మాట మరింత చిక్కుబడింది. అమెరికాలో షెర్బెట్ అంటే పండ్ల రసంతో పాటు కొద్దిగా పాల పదార్థమూ కలిపి గడ్డకట్టించినది. అందులో పాలకొవ్వు 1 నుంచి 2 శాతం ఉండాలని అక్కడి నియమం. ఇంగ్లండులో షెర్బెట్ అంటే నాలుక మీద చిమచిమలాడే పుల్లని పొడి. మీరు అనువదిస్తున్న పుస్తకం ఏ దేశానిదో చూడకుండా ఈ మాటను ముట్టుకోవద్దు.

సొర్బెలో పాలు ఉండవన్నాను. అది నేటి వాడుక. 1692, 1694 సంవత్సరాల్లో నేపుల్స్‌లో రెండు సంపుటాలుగా అచ్చయిన తన వంటల గ్రంథంలో ఆంతోనియో లాతీని పాలతో చేసే సొర్బెత్తోను కూడా చెప్పాడు. పాత గ్రంథాలు మీ చేతికొస్తే పేరును నమ్మకండి, దినుసుల జాబితా చూడండి.

హిమక్రీము వైరిసమాసం. సంస్కృతాన్నీ ఇంగ్లీషునూ ఇలా కట్టగట్టడం నాకు నచ్చదు. పోలీసుశాఖ, రైలుమార్గం వంటివి నిలబడిపోయాయి కదా అని మీరు అడగవచ్చు. నిలబడ్డాయి, జనం నోళ్లలో నలిగి నిలబడ్డాయి. హిమక్రీము ఎవరి నోటా నలగలేదు. ఘనీభూత ఫలరసం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. పూర్వం అలా లేనిది అలా అయినప్పుడు వచ్చే చ్వి ప్రత్యయం వల్ల 'ఘనం కానిది ఘనమైనది' అన్న అర్థం చక్కగా వస్తుంది. కాని సొర్బె విషయంలో ఆ అర్థమే పూర్తిగా పొసగదు, ఎందుకంటే సొర్బె ఎన్నడూ పూర్తిగా ఘనం కాదు. పంచదార కరిగిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. ఇంకా చల్లబరిస్తే నీటిలో కొంత భాగం సన్నని పలుకులుగా విడిపోతుంది. మిగిలిన ద్రవంలో తీపి చిక్కబడుతుంది కాబట్టి అది గడ్డకట్టడానికి మరింత చలి కావాలి. అందుకే ఫ్రీజర్‌లో సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉంచినా సొర్బెలో కొంత పాకం ద్రవంగానే మిగిలి ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు ఆపకుండా తిప్పుతారు కనుక పలుకులు పెద్దవి కాలేవు, కొంత గాలి కూడా చేరుతుంది. చెంచా మెత్తగా దిగేది ఈ కారణాలవల్లే.

ఇక్కడ మన భాషలో ఉన్న క్రియలను గుర్తు చేయాలి. కొత్త నామవాచకాలు పుట్టించాలన్న తొందరలో వాటిని మనవాళ్లు మరిచిపోతున్నారు. ద్రవం చిక్కబడి నిలిచేటప్పుడు పేరుకుంటుంది, రాయిలా అయితే గడ్డకడుతుంది, గింజగింజగా విడితే పూసకడుతుంది. సొర్బె పేరుకుంటుంది. రసాన్ని కదపకుండా అచ్చులో పోసి పుల్ల గుచ్చితే గడ్డకడుతుంది, దానికి జనం పెట్టుకున్న పుల్లైసు అన్న మాట ఉండనే ఉంది. (పాప్సికల్ ఒక వ్యాపారనామం. జాతివాచకంగా వాడకండి.) ఇక సిసిలీ వారి గ్రనీటా. రసాన్ని వెడల్పు పళ్లెంలో పోసి ఫ్రీజర్‌లో పెడతారు. మొదట అంచులు గట్టిపడతాయి. వాటిని ఫోర్కుతో గీరి మధ్యకు తోస్తారు. అరగంటకొకసారి తీసి మళ్లీ గీరుతారు. చివరికి పళ్లెం నిండా మెరిసే పలుకులు మిగులుతాయి, నోట్లో వేసుకుంటే కరకరమంటాయి. పేరులో ఉన్నదీ అదే, లాటిన్ గ్రానుమ్ అంటే గింజ. నెయ్యి పూసకట్టిందంటాం చూడండి, గ్రనీటాకు అంతకన్నా అమరే క్రియ దొరకదు. 'రసం పూసకట్టేదాకా గీరుతూ ఉండాలి' అని రాయండి, వంట తెలిసినవారికి ఇంకో మాట అక్కరలేదు.

కోసిన పండ్లముక్కలు గడ్డకట్టినవైతే 'గడ్డకట్టిన పండ్లు' అంటే చాలు, చేసేవాడి పనిని చెప్పేటప్పుడు 'గడ్డకట్టించి' అని ప్రేరణార్థకం వాడండి. 'ఫ్రీజ్ అయిన ఫ్రూట్స్' అని రాసేవారికి నా జవాబు లేదు.

కాబట్టి నా అభిప్రాయం: మొదటిసారి వచ్చినచోట 'సొర్బె, అంటే పాలు కలపని పండ్లరసపు ఐసు' అని చెప్పి, ఆ తర్వాత సొర్బె అనే వాడండి. ఐసు మనలో కలిసిపోయిన మాటే, వెలివేయనక్కరలేదు. మంచు కన్నా ఐసే నయం, మంచు అంటే ఆకాశం నుంచి రాలేదీ తెల్లవారుజామున పరుచుకునేదీ స్ఫురిస్తాయి. 'పండ్లరసపు ఐసు' అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటానంటే తప్పు పట్టను, కాని అప్పుడు గ్రనీటాను దానినుంచి ఎలా వేరు చేస్తారో ముందే ఆలోచించుకోండి.

జెలాటో పాలదే. మీగడ తక్కువ, పాలు ఎక్కువ, లోపల గాలి తక్కువ. దీన్ని సొర్బె వరసలో కూర్చోబెట్టకూడదు. ఇటాలియన్‌లో దంత్య తకారం ఉంది, మనకూ ఉంది, మధ్యలో ఇంగ్లీషు టకారం ఎందుకని నేను తరచు వాదిస్తుంటాను. గ్రనీత అని రాయడానికి అభ్యంతరం కనబడదు, గ్రనీటా అన్నా దోషం కాదు. జెలాటో దగ్గర మాత్రం టకారమే ఉంచండి. జెలాతో అని రాస్తే తెలుగు పాఠకుడు దాన్ని 'జెలా' అనే వస్తువుకు తృతీయా విభక్తిగా చదువుకుంటాడు.