జీడి తోట అమ్మి స్పోర్ట్స్ జర్నలిజం చదివించాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. కిరాణా షాపు ఉంది, ఇంటి ఖర్చులు పోను నెలకి 15 వేలు మిగులుతాయి. మా అబ్బాయికి ఈ ఏడు బీకాం అయిపోతుంది. చిన్నప్పట్నించీ ఆటల పిచ్చి, సంక్రాంతి టోర్నమెంట్లలో కబడ్డీకీ క్రికెట్‌కీ మైకులో కామెంటరీ చెప్తాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో స్పోర్ట్స్ జర్నలిజం పీజీ చేస్తానంటున్నాడు. రెండేళ్ళకి ఫీజు 6.4 లక్షలు, హాస్టలూ మెస్సూ కలిపి ఇంకో 3 లక్షలు. మా దగ్గర 3 లక్షల ఎఫ్‌డీ, 70 సెంట్ల జీడి తోట, ఇంట్లో 12 తులాల బంగారం ఉన్నాయి. తోట అమ్మెయ్యాలా, లోన్ పెట్టాలా? అమ్మాయి ఇంటర్ సెకండియర్.

జవాబు:

అన్నయ్యగారూ, మీరు పంపిన వాయిస్ క్లిప్ ముందు విన్నాను, లెక్కలు తర్వాత చూశాను. కబడ్డీలో డూ ఆర్ డై రెయిడ్ (పాయింట్ తేకపోతే ఔటయ్యే రెయిడ్) వచ్చినప్పుడు మేనల్లుడు స్కోరు ఎంతో, ఇంకా ఎన్ని సెకన్లు ఉన్నాయో, వెళ్ళేవాడి పేరేంటో ఒక్క ఊపిరిలో చెప్పేసి మైకు దగ్గర గమ్మున ఉండిపోయాడు చూడండి, ఆ గమ్మున ఉండటం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. కుర్రాడిలో సరుకుంది, అందులో నాకు ఏ డౌటూ లేదు. నా డౌటంతా ఆ 9.4 లక్షల మీదే.

తోట సంగతి తేల్చేద్దాం ముందు. అమ్మొద్దు. ఏటా ఎంతో కొంత ఫలసాయం ఇచ్చే భూమి అది, ఒకసారి చేతులు మారితే మళ్ళీ ఆ ఊళ్ళో ఆ రేటుకి కొనలేరు. బంగారం కూడా చదువు కోసం తాకట్టు పెట్టకండి, గోల్డ్ లోన్ అనేది మూడు నెలలకో ఆరు నెలలకో తిరిగి డబ్బు చేతికొస్తుందని తెలిసినప్పుడు పెట్టుకునేది, మూడేళ్ళ తర్వాత వచ్చే జీతం మీద ఆశతో పెట్టేది కాదు.

ఇక ఎడ్యుకేషన్ లోన్. బ్యాంకుల సంఘం ఐబీఏ పెట్టిన మోడల్ స్కీం ప్రకారం చాలా బ్యాంకులు 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగవు, మీరు కో-అప్లికెంట్‌గా సంతకం పెడితే చాలు. కోర్సు నడిచినన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ ఈఎంఐ ఉండదు. ఇది వినడానికి హాయిగా ఉంటుంది గానీ వడ్డీ మీటర్ మొదటి రోజు నుంచే తిరుగుతుంది. 9 లక్షలు తీసుకున్నారనుకోండి, మొదటి ఏడాది నాలుగున్నర, రెండో ఏడాది నాలుగున్నర, వడ్డీ 11 శాతం. ఈఎంఐ మొదలయ్యే రోజుకి బాకీ 11 లక్షల 47 వేలు దాటి ఉంటుంది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దగ్గర దగ్గర 15,800. మీ షాపులో నెలకి మిగిలేది 15 వేలు అన్నారు, అంటే అబ్బాయి కట్టలేని నెల మీ మిగులు మొత్తం పోసినా ఇంకో 800 తక్కువ. పైగా 9 లక్షలంటే 7.5 దాటింది కాబట్టి బ్యాంకు ఏదో ఒకటి తాకట్టు అడుగుతుంది, తిరిగి తిరిగి మళ్ళీ ఆ తోట కాగితాల దగ్గరికే వస్తారు.

మరి అబ్బాయికి జీతం వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ మీడియాలో మొదటి రెండేళ్ళు ఎలా ఉంటాయో తెలుసుకుని ఈ సంతకం పెట్టాలి. లెక్క కోసం పేపర్ ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌లో ట్రైనీగా 18 వేలతో మొదలెట్టాడనుకుందాం. హైదరాబాద్‌లో షేరింగ్ రూమ్, తిండి, బస్ పాస్, ఫోన్, వీటికే 13, 14 వేలు అయిపోతుంది. ఊళ్ళోనే ఉండి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా చేరితే ఇంకా కష్టం, చాలామందికి నెల జీతం ఉండదు, లైన్ అకౌంట్ అని అచ్చయిన వార్తని కొలిచి ఇస్తారు. ఇంట్లోంచి పైకం వెళ్ళాల్సిన రోజులు అవే. చాలామంది కుర్రాళ్ళు కోర్సుకి ఉన్నదంతా ఊడ్చిపెట్టేసి సరిగ్గా ఈ రెండేళ్ళ దగ్గర చేతిలో రూపాయి లేక ఫీల్డ్ వదిలేసి ఇంకేదో ఉద్యోగంలో చేరిపోతారు, నా దగ్గరకి వచ్చిన వాళ్ళలోనే ఇద్దర్ని చూశాను, ఇద్దరూ బాగా రాసేవాళ్ళు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే డబ్బు కోర్సుకి తగ్గించండి, కోర్సు అయ్యాక వచ్చే రెండేళ్ళకి దాచండి.

స్పోర్ట్స్ అనే పేరు ఉన్న డిగ్రీకే ఎక్కువ విలువ ఉంటుంది కదా అని అబ్బాయి అంటాడు. ఇంగ్లండ్‌లో అయితే ఆ మాటకి కొంత బలం ఉంది, అక్కడ యూనివర్సిటీల్లో స్పోర్ట్స్ జర్నలిజం కోర్సులు చాలా ఏళ్ళ నుంచీ ఉన్నాయి, నేషనల్ కౌన్సిల్ ఫర్ ది ట్రైనింగ్ ఆఫ్ జర్నలిస్ట్స్ అనే సంస్థ కోర్సులకి గుర్తింపు ఇస్తుంది, ఎడిటర్లు ఆ ముద్ర చూస్తారు, నిమిషానికి 100 మాటల షార్ట్‌హ్యాండ్ కూడా నేర్పుతారు. మన దగ్గర అలా అందరూ ఒప్పుకునే ముద్ర ఒకటి లేదు. తెలుగు పేపర్ స్పోర్ట్స్ డెస్క్‌లో రాత్రి షిఫ్ట్‌లో కూర్చున్నవాడికి ఎక్కువగా కావలసింది ఏజెన్సీ కాపీ, అంటే వార్తా సంస్థలు పంపే వార్త, ఇంగ్లీషులో వస్తే పేజీ టైముకి దాన్ని చక్కటి తెలుగు చెయ్యడం, స్కోర్‌కార్డు తప్పు లేకుండా వెయ్యడం, హెడ్డింగ్ పెట్టడం. టీవీకీ డిజిటల్‌కీ అయితే గొంతు, వీడియో ఎడిటింగ్. 2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక తెలుగు కామెంటరీకి కూడా దారి తెరుచుకుంది, కాకపోతే ఆ సీట్లు చాలా కొద్ది, అందులోనూ ఎక్కువ మాజీ ఆటగాళ్ళవే, దాని మీద ఒక్కదాని మీదే ఆశలన్నీ పెట్టుకోకూడదు.

ఇవన్నీ మామూలు జర్నలిజం పీజీలో వస్తాయి. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం డిపార్ట్‌మెంట్ ఉంది, సీటు పీజీసెట్ అనే ఎంట్రన్స్ మీద వస్తుంది, చీపురుపల్లి నుంచి డైరెక్ట్ రైలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కావాలంటే సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి. రెండిటికీ అప్లై చేయించండి, వాటి ఫీజు ఈ బెంగళూరు ఫీజులో చాలా చిన్న వంతు. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివి ఇంకో దారి, అక్కడ ఎంట్రన్స్ రాసి సెలెక్ట్ అయితే మనం కట్టడం కాదు, వాళ్ళే స్టైపెండ్ ఇచ్చి నేర్పుతారు.

మరి స్పోర్ట్స్ ఎక్కడ నేర్చుకుంటాడంటే, మీ ఊరి చుట్టూనే. ఇది నేను ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెళ్ళమనండి. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కేజీల్లో కాంస్యం అందుకుంది, గోల్డ్ గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ టెస్టులో దొరికిపోవడంతో అది వెండి అయింది. ఆ ఒక్క పతకం మారిన కథ సరిగ్గా రాయాలంటే డోపింగ్ రూల్స్ తెలియాలి, శాంపిల్ ఎలా తీస్తారో తెలియాలి, మెడల్ లేటుగా మారితే ఒక పల్లెటూరి ఇంట్లో ఏమవుతుందో వెళ్ళి అడగాలి. ఇటు ఆమదాలవలస ఉంది, 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లోనే కాంస్యం తెచ్చిందే, ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ, ఆవిడ పెరిగిన ప్రాంతం మీకు ఎంత దూరం. విజయనగరంలో పీవీజీ రాజు కాంప్లెక్స్ గ్రౌండ్‌లో రంజీ మ్యాచ్ పడితే నాలుగు రోజులూ కూర్చుని సొంతంగా స్కోరు వేసి, రోజుకో 300 మాటల రిపోర్ట్ రాసి, మర్నాడు పేపర్లో వచ్చినదాని పక్కన పెట్టి చూసుకోమనండి. ఏడాది తిరిగేసరికి ఇలాంటివి ఒక ఇరవై చేతిలో ఉంటే ఎడిటర్ డిగ్రీ మీద స్పోర్ట్స్ అని ఉందా లేదా అని అడగడు. విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ గారు 1936లో ఇండియా టీమ్‌కి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్ళి, తర్వాతి రోజుల్లో రేడియోలో కామెంటరీ కూడా చెప్పారు, అంటే మన జిల్లాకి మైకు కొత్త కాదు.

ఇప్పుడు డబ్బు ఎలా సర్దాలంటే. వైజాగ్‌లో రెండేళ్ళ చదువుకి హాస్టల్, తిండి, ఫీజు అన్నీ కలిపి నెలకి సగటున 9 వేలు పక్కన పెట్టండి, అది మీ 15 వేల మిగులులోంచే పోతుంది. మిగిలిన 6 వేలకి బ్యాంకులో 24 నెలల ఆర్‌డీ తెరవండి. అసలే 1 లక్షా 44 వేలు అవుతుంది, పైన వడ్డీ. సరిగ్గా వాడి కోర్సు అయ్యే టైముకి చేతికొస్తుంది, అది హైదరాబాద్‌లో మొదటి రెండేళ్ళకి, నెలకి 6 వేలు చొప్పున వాడి అకౌంట్‌లో పడేలా పెట్టండి, ఒకేసారి ఇవ్వొద్దు. లాప్‌టాప్, ఫోన్‌కి పెట్టుకునే మైకు, వీటికి ఎఫ్‌డీలోంచి 60, 70 వేలు తీస్తే తప్పు లేదు. టోర్నమెంట్లలో వాడికి వచ్చే మైకు డబ్బులు వాడి దగ్గరే ఉండనివ్వండి, పుస్తకాలకీ రైలు ఛార్జీలకీ వాడే చూసుకుంటాడు.

మిగిలిన ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. ఎందుకంటే మీ ఉత్తరంలో అమ్మాయి గురించి ఒక్క లైనే ఉంది, అదీ చివర్లో. వచ్చే ఏడాది ఆ పిల్ల కూడా ఏదో ఒక కోర్సులో చేరాలి, అది ఇంజనీరింగో నర్సింగో డిగ్రీయో ఇంకా మీరు అడిగినట్టు కూడా లేరు. అన్నయ్య చదువుకి తోట పోయి, లోన్ నెత్తిన ఉంటే ఆ పిల్లని దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏదో ఒకటి చదువుకోమనే రోజు వస్తుంది, మీరు కావాలని చెయ్యరు, లెక్కలే అలా నెడతాయి. ఇద్దరికీ ఎంతెంత అని వదిననీ పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద ఈ వారమే రాయండి.

అంతా విన్నాక కూడా అబ్బాయి బెంగళూరే అంటే, మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించమనండి. మీరు పంపిన బ్రోచర్ ఫోటోలో అడుగున చిన్న అక్షరాల్లో ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంది, అంటే ఉద్యోగం ఇప్పిస్తామని కాదు, సాయం చేస్తామని మాత్రమే. కిందటి రెండు బ్యాచ్‌ల్లో ఎంతమంది చేరారు, వాళ్ళలో స్పోర్ట్స్ డెస్క్‌లో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు ఎవరు, వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడొచ్చా అని అడగాలి. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు అన్నది రెండోది. పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర ప్రభుత్వ చదువు లోన్ పథకం లిస్టులో ఆ యూనివర్సిటీ ఉందా లేదా అన్నది మూడోది, ఉంటే తాకట్టూ ష్యూరిటీ లేకుండా లోన్ వస్తుంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్ళకి 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియంలో, అంటే ఈఎంఐ ఉండని కాలంలో, 3 శాతం వడ్డీ రాయితీకి అప్లై చేసుకోవచ్చు. ఏ లోన్ పెట్టినా కోర్సు నడుస్తుండగానే నెల నెలా వడ్డీ కట్టెయ్యండి, అలా కడితే కొన్ని బ్యాంకులు 1 శాతం దాకా తగ్గిస్తాయి కూడా. నాలుగు లక్షలు దాటి మాత్రం వెళ్ళకండి.

పీజీసెట్ నోటిఫికేషన్ వచ్చిందేమో ఈరోజే చూడమనండి. ఆ కాలేజీ నుంచి ఏం జవాబు వచ్చిందో కూడా నాకు రాయండి, అప్పుడు లోన్ లెక్క మళ్ళీ కలిసి వేద్దాం.