బ్రాంచ్ మార్చిన ప్రతిసారీ లైనక్స్ కెర్నెల్ మొత్తం కంపైల్ చేయాలా?

ప్రశ్న: ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. పాత లాప్‌టాప్‌లో లైనక్స్ డ్రైవర్ మీద ప్రాజెక్టు చేస్తున్నా. గిట్‌లో బ్రాంచ్ మార్చినప్పుడల్లా బిల్డ్‌కి గంట దాటుతోంది. కంపైల్ ఫలితాలని దాచిపెట్టి మళ్లీ వాడే సీకాష్ అనే టూల్ పెట్టుకోమని సీనియర్ చెప్పారు. పాత ఆబ్జెక్ట్ ఫైలేదో (కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) కలిసిపోయి కెర్నెల్ బూట్ అవ్వకపోతే, తప్పు నా కోడ్‌దో కాష్‌దో ఎలా తెలుస్తుంది సార్? అదే టెన్షన్.

జవాబు: పెట్టుకోండి, మీ సీనియర్ మంచి మాటే చెప్పారు. బిల్డ్ నడిపే మేక్ చూసేది ఫైలు మీది టైమ్. మీరు వేరే బ్రాంచ్‌కి వెళ్లి వెనక్కి వస్తే గిట్ తేడా ఉన్న ఫైళ్లని మళ్లీ రాస్తుంది కదా, లోపల పాత అక్షరాలే ఉన్నా మేక్ వాటిని, వాటి మీద ఆధారపడ్డవాటిని మళ్లీ కంపైల్ చేస్తుంది. 2002లో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సీకాష్ అలా కాదు. సోర్సులో ఏముంది, ఏ హెడర్లు వచ్చాయి, కంపైలర్‌కి ఏ ఆప్షన్లు ఇచ్చారు, ఇవన్నీ కలిపి హాష్ (వేలిముద్ర లాంటి ఒక కోడ్) కడుతుంది, అది సరిపోలితేనే దాచిన ఆబ్జెక్ట్ ఇస్తుంది. కెర్నెల్ కాన్ఫిగ్ (కెర్నెల్ సెట్టింగులు) మార్చినా భయం లేదు, ఆ సెట్టింగులు ఉన్న హెడర్‌ని కెర్నెల్‌లో ప్రతి సీ ఫైలూ చేర్చుకుంటుంది కాబట్టి మార్పు దాని కంట పడుతుంది.

జాగ్రత్త పడాల్సింది కంపైలర్ దగ్గర. మామూలుగా సీకాష్ మీ కంపైలర్ జీసీసీ ఫైలు సైజు, తేదీ మాత్రమే చూస్తుంది. మీ జీసీసీ నిజానికి ఇంకో కంపైలర్‌ని పిలిచే చిన్న స్క్రిప్ట్ అయితే, లోపలి కంపైలర్ మారినా స్క్రిప్ట్ మారదు, పాత ఆబ్జెక్టులే వస్తాయి. అలాంటి చోట కంపైలర్ మారినప్పుడల్లా కాష్ ఖాళీ చేయండి.

ఇంకోటి, సీకాష్ హార్డ్ లింక్ సెట్టింగ్. స్పీడ్ కోసమని ఆన్ చేయమనేవాళ్లు ఉంటారు, దయచేసి చేయకండి. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద కొన్ని కాన్ఫిగ్‌లలో కంపైల్ అయిన వెంటనే ఆబ్జ్‌టూల్ అనే ప్రోగ్రామ్ అదే ఆబ్జెక్ట్ ఫైల్లో అదనపు సమాచారం రాస్తుంది. హార్డ్ లింక్ అంటే ఒకే ఫైలుకి రెండు పేర్లు, ఇక్కడ రాసింది కాష్‌లోనూ పడుతుంది. అందుకే డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది.

మొదటి బిల్డ్ ఇంకాస్త ఆలస్యమవుతుంది, కంగారు పడకండి. లింకింగ్ (ఆబ్జెక్టులన్నీ కలిపే పని) టైమ్ ఎలాగూ తగ్గదు. కాష్ సైజు డిఫాల్ట్‌గా 5 జీబీ, నాలుగైదు కాన్ఫిగ్‌లతో ఆడుకునేవాళ్లకి చాలదు, పెంచుకోండి.

ఇక మీ అసలు అనుమానం. బూట్ ఆగిందనుకోండి, మీ డ్రైవర్ ఆబ్జెక్ట్ ఫైల్‌కి షా256సమ్ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) తీసి రాసుకోండి. ఆ ఒక్క ఫైల్ తీసేసి, సీకాష్ డిసేబుల్ వేరియబుల్‌ని 1 చేసి, మేక్‌కి ఆ ఫైలు పేరే ఇచ్చి కట్టించండి. కమాండ్‌లో మాత్రం సీకాష్ జీసీసీ అన్నది అలాగే ఉంచాలి, అది తీసేస్తే కమాండ్ మారిందని కెర్నెల్ బిల్డ్ అంతా మొదటికొస్తుంది. రెండు సమ్‌లూ ఒకటే అయితే ఆ ఫైలు వరకు కాష్‌ని వదిలేసి మీ కోడ్ చూసుకోండి. తేడా వస్తే కాష్ మొత్తం ఖాళీ చేసి, అది లేకుండా ఒకసారి పూర్తి బిల్డ్ చేసి బూట్ చేయండి. కాలేజీలో చూపించే కెర్నెల్ కూడా అలా కాష్ లేకుండా కట్టిందే అయితే మంచిది.